కర్పూరం డబ్బాలో మిరియాలు

కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తే కర్పూరం తరిగిపోదంటారు మన ఇళ్లలో. నిజమేనా? ప్రాథమిక తరగతిలో పదార్థం పాఠానికి ఇంతకంటే మంచి మొదలు లేదని నా నమ్మకం. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా ఇందుకు కావలసిన సరుకు దొరుకుతుంది. ఒకే బరువున్న మూడు కర్పూరం బిళ్లలు తీసుకోవాలి. ఒకటి మూత లేని పళ్లెంలో, ఒకటి మూత బిగించిన డబ్బాలో, ఇంకొకటి అలాంటి డబ్బాలోనే మిరియాలతో కలిపి పెట్టాలి. నిప్పుకు దూరంగా ఉంచి, అప్పుడప్పుడు తూచి రాసుకోవాలి.

పళ్లెంలోని బిళ్ల చిక్కిపోతుంది. కరగలేదు, తడి లేదు, మరి ఎక్కడికి పోయింది? గదినిండా వాసన వస్తోంది కదా అని పిల్లల్లోనే ఎవరో ఒకరు అంటారు. ఘనపదార్థం ద్రవం కాకుండానే వాయువవుతుందని టీచర్ చెప్పాల్సింది అప్పుడే. డబ్బాలో కాపాడింది మూతా, మిరియాలా అన్నది మాత్రం పిల్లలే తూచి తేల్చాలి.

ఏ ప్రయోగమైనా చేసేముందు ఏం జరుగుతుందో పిల్లల చేత రాయించాలి. పిల్లలే చేసి తెలుసుకునే ఈ పద్ధతికి ప్రాణం అదే. నీళ్లలో చక్కెర కలిపితే బరువు ఏమవుతుందని అడగండి. కనబడకుండా పోయింది కాబట్టి బరువు కూడా పోతుందని చాలామంది రాస్తారు. గ్లాసు, నీళ్లు, చక్కెర ముందు ఒకేచోట పెట్టి తూచి, చక్కెర కరిగాక మళ్లీ తూస్తే ముల్లు కదలదు. తన ఊహ తప్పిందని తన చేతులతో తెలుసుకున్న పిల్ల ఆ సంగతి మరచిపోదు. ఊహ రాయించకపోతే అదే ప్రయోగం గారడీగా మిగిలిపోతుంది.

గ్లాసు అడుగున కాగితం కుక్కి, బోర్లించి నీళ్ల తొట్టిలోకి నిలువుగా దించితే కాగితం తడవదు. కొంచెం వంచితే బుడగలు పైకొస్తాయి. గాలికీ చోటు కావాలని చెప్పడానికి ఇంకేం కావాలి?

మన దేశంలో ఇలా చేసి నేర్చుకునే దారికి పెద్ద ఉదాహరణ 1972లో 16 బడుల్లో మొదలై 2002లో ఆగిపోయిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం. తెలుగు నేల మీద జన విజ్ఞాన వేదిక, దాని పిల్లల పత్రిక చెకుముకి ఈ పని చేస్తున్నాయి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని బండ్లలో బడుల దగ్గరికే పంపుతోంది. ముందు ఊహ, తర్వాత పరీక్ష అన్నది శాస్త్రవేత్తల దారి కూడా. వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియాకు దోమే దారి అన్న ఊహతోనే మొదలుపెట్టి, 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

అరవైమంది ఉన్న తరగతిలో ఇవన్నీ సాగవని టీచర్లు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ బల్ల మీద టీచర్ ఒక్కరే చేసి చూపిస్తే వెనక బెంచీకి ఏమీ దక్కదు. నలుగురికో గ్లాసు, ఒక తొట్టి ఇస్తే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు.

టీచర్లకు నా మనవి ఒక్కటే: పదార్థం పాఠాన్ని ఈసారి నిర్వచనంతో మొదలుపెట్టకండి. ముందు నీళ్లూ గ్లాసులూ పిల్లల చేతికివ్వండి.