చేనేత కట్టిన గ్రంథం

పుస్తకానికి అట్ట రక్షణకవచం మాత్రమేనా, రచనలో భాగం కూడానా? ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానమిచ్చిన ప్రచురణసంస్థ కలకత్తాలోని రైటర్స్ వర్క్‌షాప్. పి. లాల్, ఆయన మిత్రులు 1958లో నెలకొల్పిన ఈ సంస్థ భారతీయుల ఆంగ్లరచనలను చేనేత చీరగుడ్డతో చేతిబైండు చేయించి వెలువరించింది.

ఫారాలను మడిచి, దారంతో కుట్టి, వెన్నుకు జిగురు పట్టించి, గట్టి అట్టలపై వస్త్రాన్ని ముడతపడకుండా బిగించడం ఓర్పుతో కూడిన పని. శీర్షికలకు లాల్ స్వయంగా అక్షరరచన చేసేవారు. చీరను కోసిన చోటును బట్టి ఒక ప్రతికి అంచు, మరొక ప్రతికి బుటా దక్కుతాయి. కనుక ఒకే గ్రంథపు రెండు ప్రతులు అచ్చంగా ఒకేలా ఉండవు.

ఈ అలంకరణ వెనుక ఒక వాదం ఉంది. భారతీయులు ఆంగ్లంలో రాసే కవిత్వానికి భవిష్యత్తు లేదని బుద్ధదేవ బోస్ 1963లో అభిప్రాయపడ్డారు. లాల్ 1969లో ఒక బృహత్సంకలనంతో ప్రత్యుత్తరమిచ్చారు. అయితే ఆంగ్లాక్షరాలకు స్వదేశీ నేత తొడగడమే అంతకుమించి సూటియైన సమాధానం అనిపిస్తుంది. ఆగా షాహిద్ అలీ తొలి సంపుటి ‘బోన్ స్కల్ప్చర్’ (1972), లాల్ చేసిన మహాభారత అనుసృజన ఒకే మర్యాదను పొందాయి. పేరులేని కొత్త కవికీ, వ్యాసునికీ ఒకే నేత!

ఈ సమత్వంలోనే లోపమూ ఉంది. వస్త్రం రచన స్వభావాన్ని సూచించదు. విషాదకావ్యానికీ, వ్యంగ్యకవితకూ తేడా చూపదు. రచయితే కొన్ని ప్రతులు కొనాలన్న సంస్థ నియమం వల్ల బలహీనమైన రచనలు కూడా అందమైన అట్టల మధ్య చేరాయన్న విమర్శ నిరాధారం కాదు. మంచి బైండింగు పేలవమైన పద్యాన్ని నిలబెట్టలేదు.

ఆచరణలో మరొక చిక్కు ఉంది. నూలుగుడ్డ దుమ్ము పట్టి, వెలుతురుకు వెలిసిపోతుంది. పిండిజిగురు వాడినచోట పురుగు చేరుతుంది. అటువంటి ప్రతి శిథిలమైనప్పుడు గ్రంథాలయం పాత అట్ట ఊడదీసి క్యాలికో వేయిస్తే పుటలు దక్కుతాయి, ప్రచురణకర్త వాదం చెత్తబుట్ట పాలవుతుంది. తాళపత్రాలకు పైన, కింద కట్టే చెక్కలను ప్రతిలో భాగంగా భద్రపరచే వివేకం అచ్చుపుస్తకానికీ వర్తించాలి. మూలవస్త్రాన్ని నిలుపుతూ వెన్నును మాత్రమే బాగుచేయడం, సాధ్యం కాకుంటే తీసిన అట్టను గ్రంథంతోపాటు పెట్టెలో ఉంచడం ఉచితం.

లాల్ 2010లో కీర్తిశేషులయ్యారు. ఆయన ప్రచురణల్లో కాలానికి నిలిచే కవిత్వమెంతో సాహిత్యచరిత్ర నిర్ణయిస్తుంది. నేతగాడు, బైండరు, కవి ఒకే వస్తువులో కలిసి పనిచేశారన్న సాక్ష్యం మాత్రం ఆ అట్టలోనే ఉంది. దానిని పోగొట్టుకుంటే చరిత్రకారునికి మిగిలేది సగం గ్రంథమే.