నగర్తపేట పాఠకుడు

గ్రంథమును అచ్చున కీయగోరు రచయితను ప్రకాశకుడు మొదట అడుగునది, దానిని చదువువారెవరని. పీఠికలలో దీనికి తరచుగా దొరకు సమాధానము ‘ఆంధ్ర పాఠకలోకము’. వినుటకింపైన మాటయే గాని అందులో ఊరు లేదు, వీధి లేదు.

బెంగుళూరు నగర్తపేటను చూచిన ఈ లోపము తేటపడును. నగర్త వర్తకుల పేర వెలసిన ఈ పాతపేటలో, ధర్మరాయస్వామి గుడి చుట్టుపట్ల, ఇంట తెలుగు మాటలాడి అంగడిలో కన్నడమున లెక్కలు వ్రాసికొనువారు కలరు. తెలుగు సామెత విని నవ్వగలరు. అదే సామెత అచ్చులో కనబడిన చదువలేరు.

పాఠకుని ముందుగా నిర్ణయించుకొనుట మన సాహిత్యమున కొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీల కొరకే ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించిరి. గురజాడ అప్పారావుగారు 1897లో ‘కన్యాశుల్కము’ను ప్రకటించుచు, వ్యావహారికము జనులకు సుబోధమగుట దానిని గ్రహించుటకొక కారణమనిరి. అచట అడ్డు శైలి. నగర్తపేటలో అడ్డు లిపి.

ఈ అడ్డును దాటిన ఉదాహరణము చేరువలోనే కలదు. చింతామణి తాలూకా కైవారమునకు చెందిన నారాయణతాత తెలుగునను కన్నడమునను రచనలు చేసెను. గాజులమ్మి బ్రదికెనని ప్రతీతి. గాజుల మలారముతో ఇంటింటికి తిరిగినవానికి ఏ గడపలో ఏ మాట చెల్లునో ఒకరు చెప్పవలెనా? ఆయన తెలుగు కీర్తనలు కన్నడ లిపిలో అచ్చయి నేటికిని పాడబడుచున్నవి.

ఇట్లు ముద్రించిన తెలుగు లిపి మరుగుపడునని కొందరు శంకింతురు. ఆ శంక తోసివేయదగినది కాదు. తెలుగు బడులలో పిల్లలు తగ్గుచుండగా లిపి నేర్చు తావులే కొరవడుచున్నవి. కాని చదువనేరని లిపిలో గ్రంథమిచ్చి, కొనువారు లేరని వగచుట రచయిత తప్పిదమే. రెండు లిపుల వర్ణక్రమము దాదాపు ఒక్కటే. అక్షరముల ఆకృతులును దగ్గరివే. ఎడమపుటను కన్నడ లిపిలో, కుడిపుటను తెలుగు లిపిలో ఒకే పాఠమును ముద్రించినచో, కన్నడము చదివిన తాతకు కథ దక్కును. ప్రక్కన కూర్చున్న మనుమనికి తెలుగు అక్షరము కంటబడును. పుటలు రెట్టింపగుటచే వ్యయము పెరుగుననుట నిజము. అందుచే ఈ పేటకై వ్రాయువారు పెద్ద నవలను అటుంచి, ఇరువది పుటల కథతో మొదలిడుట మేలు.