కొడుకు చెవిన పడని మాట

తండ్రీకొడుకులకు పడదని చూపించాలంటే మన సినిమాలకు హాల్లో ఒక గొడవ, ఒక చెంపదెబ్బ, చివర్లో ఆసుపత్రి మంచం కావాలి. రామ్ రెడ్డి తీసిన కన్నడ చిత్రం ‘తిథి’ (2015) వీటి జోలికే పోలేదు. మండ్య జిల్లా నోడెకొప్పలులో, నటన ఎరగని ఊరివాళ్లతో తీసిన సినిమా ఇది. 101 ఏళ్ల సెంచురీ గౌడ చనిపోతాడు. పదకొండో రోజు కర్మ లోపు నడిచే కథ. ముసలాయన పొలం అమ్మేసుకోవాలని మనవడు తమ్మణ్ణ ఆత్రం. చట్టప్రకారం అది ముందు తమ్మణ్ణ తండ్రి గడ్డప్పకు రావాలి. ఆయనకా, పొలం గోలే పట్టదు. బ్రాందీ తాగుతూ పొలాల వెంట తిరగడమే ఆయన పని. దాంతో కొడుకు తండ్రి చేతిలో డబ్బు పెట్టి దేశం చూసి రమ్మని పంపేసి, ఇక్కడ ఆయన పోయాడని దొంగ ధ్రువపత్రం పుట్టిస్తాడు. బతికున్న తండ్రిని కాగితం మీద చంపడంలో ఉన్న తెగింపు ముందు ఎంత ఘాటైన సంభాషణైనా తేలిపోతుంది. పైగా తమ్మణ్ణకు తండ్రి మీద కోపం ఉన్నట్టు కూడా కనిపించదు. ఆయన అడ్డు, అంతే.

ఇది ఆస్తి చుట్టూ తిరిగే హాస్యం, తండ్రీకొడుకుల కథ ఎలా అవుతుందని అడగొచ్చు. నవ్వు నిజమే. కానీ గడ్డప్ప యాత్ర మానేసి గొర్రెల కాపర్లతో కలిసిపోయాక, ఒక రాత్రి మంట దగ్గర తన గతం విప్పుతాడు. కన్నతండ్రి వల్ల తన సంసారం ఎలా చెడిందో చెబుతాడు. ఆయనకు పొలం ఎందుకు అక్కర్లేదో అప్పుడు మనకు తెలుస్తుంది, కాపర్లకు తెలుస్తుంది. తమ్మణ్ణకు మాత్రం తెలియదు. ఊరివాళ్లు తమలాగే తాము ఉన్నారు, ఇందులో పనితనమేముందన్న మాటకూ ఇక్కడే జవాబుంది. ముఖాలు ఊరివే కావచ్చు. ఆ మాట ఎవరి చెవిన పడాలో, ఎవరి చెవిన పడకూడదో తేల్చింది మాత్రం స్క్రిప్టు. దర్శకుడితో కలిసి దాన్ని రాసిన ఈరేగౌడది ఆ ఊరే.

లొకార్నో చిత్రోత్సవంలో ఈ సినిమాకు బహుమతులు రావడం సరే. నా ఫిర్యాదు ఒకటుంది. మూడు తరాల మగవాళ్ల మధ్య దూరాన్ని ఇంత ఓపికగా కొలిచిన సినిమా, తమ్మణ్ణ కొడుకు అభి వెంటపడే కాపరి పిల్ల కావేరికి తనదంటూ ఒక కథ ఇవ్వలేదు.