జారని స్వరం

"మామా, అక్కడ జారకండి. నా స్వరం మీ వెంట రాదు" అంది మేనకోడలు, కీబోర్డు మీంచి చేతులు తీసేసి. సెలవులకు చెన్నై నుంచి రాజపాళయం వచ్చింది.

ముప్పై ఏళ్లుగా క్లారినెట్ వాయిస్తున్నాను. మా గురువుగారు నేర్పిందే జారడం. రంధ్రం సగం మూసి, పెదవి కాస్త సడలించి, గాంధారాన్ని మధ్యమం దాకా ఊపి దించడం. 19వ శతాబ్దంలో తంజావూరు నాట్యమేళంలో చేరిన ఈ పరదేశి వాద్యాన్ని తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారు నిండు కచేరీ వాద్యంగా నిలబెట్టింది ఆ గమకంతోనే. నాదస్వర చక్రవర్తి రాజరత్నం పిళ్ళై ఆయనను 'క్లారినెట్ ఎవరెస్ట్' అన్నారు. 2022లో నటరాజన్ గారికి పద్మశ్రీ వచ్చింది.

అమ్మాయి తెచ్చింది ఫ్రెంచి స్వరకర్త పూలాంక్ క్లారినెట్, పియానోల కోసం రాసిన సొనాటా. 1963 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్, లెనార్డ్ బెర్న్‌స్టైన్ పియానో మీద దాన్ని తొలిసారి వినిపించారు. మేం పట్టుకున్నది రెండో భాగం, 'రొమాంజా'. నెమ్మదైన పాట.

ముందు శ్రుతే కుదరలేదు. మా ఊరి ఎండకు క్లారినెట్ వేడెక్కి శ్రుతి పైకి పోతుంది, కీబోర్డు కదలదు. మౌత్‌పీస్ కింది చిన్న గొట్టాన్ని వెంట్రుకవాసి బయటికి లాగాను. అప్పుడు కలిసింది.

"ఒక్క స్వరం పట్టుకుని ఉండండి, ఊపకండి" అంది. పట్టుకున్నాను. కింద ఆమె వేళ్లు మారాయి. నా స్వరం మొదట షడ్జమంలా వినిపించింది. రెండోసారి అదే అంతర గాంధారమైంది, మూడోసారి పంచమం. నేను వేలు కదపలేదు. ఆధార షడ్జమాన్ని మార్చే గ్రహభేదం నాకు తెలియనిది కాదు, కానీ ఊపిరి బిగబట్టి దాని మధ్యలో నిలబడటం అదే మొదలు. మనకు శ్రుతి నిలిచి ఉంటుంది, స్వరం తిరుగుతుంది. అక్కడ స్వరం నిలిచి, కింద నేల తిరుగుతోంది. గమకం లేని సంగీతం చప్పగా ఉంటుందని ఇన్నాళ్లూ నమ్మాను. అది తప్పు.

తర్వాత ఆమెకు నేను తోడి రాగంలో ఊగే గాంధారం వినిపించాను. కీబోర్డు మీద దాన్ని వెతికి వెతికి, దొరకక, చివరికి గొంతుతో పాడి చూసింది.

మన వీధుల్లో కీబోర్డు నేర్చుకునే పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించేవారూ ఇంకా ఉన్నారు. ఒక్క సాయంత్రం వారిని ఇంటికి పిలవండి. పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఒకే ఒక్క స్వరం పట్టమనండి.