సెక్టార్‌కీ 62కీ మధ్య ఖాళీ

మా ఆఫీసు నోయిడా సెక్టార్ 62లో. 2019లో మెట్రో ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, అంతకుముందు సిటీ సెంటర్‌లో దిగి షేర్ ఆటోల కోసం కొట్టుకునేవాళ్లం. ఇక్కడ చాలా పేటలకి పేర్లుండవు, అంకెలే. ఆ అంకె ముందున్న చిన్న ఖాళీయే మొన్న నా కొంప ముంచింది.

రోజూ రాత్రి మా పైథాన్ ప్రోగ్రాం ఓ షెల్ స్క్రిప్టుని పిలుస్తుంది. బ్రాంచి పేరు, ఎన్ని రోజుల ఆర్డర్లు కావాలో ఆ సంఖ్య, రెండే ఆర్గ్యుమెంట్లు. కొత్తగా మా బ్రాంచి చేర్చాను: సెక్టార్ 62, 7 రోజులు. పొద్దున్నే మేనేజర్ ఫోన్. "భయ్యా, యే బాసఠ్ దిన్ కా డేటా కహాఁ సే ఆయా?" చూస్తే అన్ని సెక్టార్లవీ కలిపి 62 రోజుల ఆర్డర్లు! ఒక్క ఎర్రరూ లేదు. ఒళ్లు మండింది అందుకే.

స్క్రిప్టు మొదట్లోనే డాలర్ హ్యాష్‌ని ప్రింట్ చేయించాను. ఎన్ని ఆర్గ్యుమెంట్లు అందాయో చెప్పేది అదే. నేను పంపినవి రెండు, చేరినవి మూడు. డాలర్ ఒకటిలో ‘సెక్టార్’, డాలర్ రెండులో ‘62’. పాపం 7 మూడో చోట ఎవరికీ పట్టకుండా కూర్చుంది.

తప్పు నాదే. అన్నీ ఒకే వాక్యంగా అతికించి షెల్ చేతికిచ్చాను. ఖాళీ కనిపిస్తే విరిచెయ్యడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి, 1979 నాటి బోర్న్ షెల్‌దీ అదే తీరు. సంధులు కలుపుకుంటూ పోయే భాషలో పెరిగినవాణ్ని, ఈ పదచ్ఛేదం నాకెందుకో ఎప్పటికీ ఒంటబట్టదు. 2004లో పైథాన్ 2.4తో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ వచ్చింది. ఆర్గ్యుమెంట్లని దానికి జాబితాగా ఇస్తే, మధ్యలో షెల్ విరవకుండా దేనికది విడిగా చేరతాయి. ఖాళీ సంగతి అటుంచండి, బ్రాంచి పేరులో ఎవరైనా సెమికోలన్ పెట్టి వెనకాల డిలీట్ కమాండ్ తగిలించి ఉంటే, నా అతుకులబొంత దాన్నీ నడిపేసేది. అది తట్టాక ముందున్న టీ తాగబుద్ధి కాలేదు.

జాబితా ఇచ్చాక కూడా రిపోర్టు కుదరలేదు. స్క్రిప్టు లోపల డాలర్ ఒకటికి డబుల్ కోట్స్ లేవు. గుమ్మం దాకా భద్రంగా వచ్చిన పేరు లోపల మళ్లీ విరిగింది. ఈసారి నయం, ‘62’ అనే ఫైలు లేదని, పేరుని వెతికే గ్రెప్ కమాండ్ మొత్తుకుంది.

ఆ కోట్స్ కూడా పెట్టాక, నిన్న సెక్టార్ 63 ఎ చేర్చాను. పేరులో రెండు ఖాళీలు. రాత్రి పదకొండింటికి డాలర్ హ్యాష్ 2 అని చూపించేదాకా కుర్చీలోంచి లేవలేదు.