రోహిణికి ఓర్చి, వరదను దాటి

రోహిణి కార్తెలో మా నల్లరేగడి నోరు తెరుస్తుంది. పగుళ్లలోకి చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో అదే నేల ఉబ్బి, జిగురై, మీద పడ్డ నీటిని కిందికి పోనివ్వదు. కార్తీకం దాకా బంగాళాఖాతం తుపాను గాలులు సరేసరి. ఇటు నిప్పుకీ అటు నీటికీ మధ్య ఊగే ఈ కృష్ణా డెల్టాలో పెరడు వేయాలంటే, రెండింటి రుచీ ఎరిగిన మొక్కల్నే పేరుపెట్టి పిలవాలి.

కానుగా, మొదటి పీట నీదే! చెరువుగట్టున తడిలో నిలిచినదానివి, రాతినేలలో దాహానికి ఓర్చినదానివి. వేసవి మొదట్లోనే పాత ఆకు రాల్చి లేతాకు తొడుగుతావు. జనం నీడ వెతికే నాటికి నీ కింద చల్లగా ఉంటుంది. నీ రొట్టను మా తాతలు వరిమళ్లలో తొక్కించారు. నీ వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. పడమటెండ కొట్టే గోడకు కాస్త ఎడంగా నిన్ను నాటితే ఆ ఇంటికి అంతకు మించిన కాపు లేదు.

వావిలీ, ఏటి ఒడ్డు బిడ్డా! కొమ్మ గుచ్చితే వేరూనుతావు, ప్రహరీ వెంట కంచెవై నిలుస్తావు. నీ ఆకు మరిగిన నీళ్లతోనే కదా ఇక్కడి బాలింతలకు స్నానం.

అటు నీటి సంగతంటారా, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దాటి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణమ్మ ఉరికింది. ఆ వారంలోనే, 7న, వినాయక చవితి. మారేడు, రేగు, జమ్మి, మద్ది, గరిక, జిల్లేడు... ఆ పూజకు చెప్పిన ఇరవై ఒక్క పత్రాల పేర్లు చదువుతుంటే పూజతోపాటు ఈ నేల తన సంతానాన్ని తానే లెక్కపెట్టుకుంటున్నట్టు నాకు వినిపిస్తుంది. ఏటా ఒక్కసారైనా పిల్లలు ఆ ఆకుల్ని చేత్తో తాకి గుర్తుపట్టాలని పెద్దలు పెట్టిన పండగేమో అది అనిపిస్తుంది. పత్రి బజారులో కట్టలుగా కొనడం నాకు బాధగా ఉంటుంది.

మద్దీ, నువ్వు మహావృక్షానివి, చిన్న పెరట్లో ఇమడవు. బందరు కాలవ గట్టు నీది.

గరికా, మే నెలంతా నీళ్లు తాగే లాన్ కన్నా నువ్వే నాకు ముద్దు. ఎండి గోధుమరంగుకు తిరిగినా తొలి చినుకుకే లేచి కూర్చుంటావు.

కరివేపా, నీ ఆకుమీద పిట్టరెట్టలా కనిపించే ఆ చిన్న పురుగును ఎవరూ దులిపేయకుందురు గాక! ముదిరి పచ్చబడి, ప్యూపాగా మారి, నిమ్మచెట్ల సీతాకోకై లేచేది అదే.

ఈ జిగట నేలలో లోతు గొయ్యి వానాకాలం నీటిగుంట అవుతుంది, వేరు కుళ్లుతుంది. అందుకే మృగశిర చినుకు పడ్డాక జానెడెత్తు మట్టిదిమ్మె వేసి దానిమీద నాటుతాను. రాలిన ఆకును తగలబెట్టను, మొదలు చుట్టూ పరుస్తాను. దాని కింద తడి నిలుస్తుంది, పగులు చిన్నదవుతుంది.

వేపా, మల్లే, రాష్ట్రవృక్షమనీ రాష్ట్రపుష్పమనీ 2018లో మీకు గౌరవం దక్కింది. కలుపని పీకించుకున్న ఉత్తరేణీ, తుమ్మీ, నేలఉసిరీ, మీరూ రండి. ఈశాన్యం మూల పార తగలకుండా మీకే వదిలాను.