మూసిన బోరుకు పూచీ ఎవరిది?

చిత్తూరు ప్రాంతంలో నేల అడుగున ఉన్నది చాలావరకు గ్రానైటు, నైసు శిలలు. ఈ శిలలలో నీరు పగుళ్ళలోనే నిలుస్తుంది. బోరుకు పగులు తగిలితే నీరు పడుతుంది. తగలకపోతే ఎంత లోతు తొలిచినా రాతిపొడే మిగులుతుంది. అందుచేత ఒక బోరు ఫలించేలోపల రెండు మూడు విఫలం కావడం ఇక్కడి రైతుకు కొత్త కాదు. నీరు పడిన బోరును ఊరంతా చూస్తుంది. నీరు పడని బోరు ఏమైనదని అడిగేవారు అరుదు.

కేసింగు గొట్టం ఖరీదైనది. నీరు పడనప్పుడు దానిని పెరికి మరొక బోరుకు వాడుకుంటారు. గొట్టం కొరకు పైభాగాన్ని కొంత వెడల్పుగానే తొలుస్తారు. గొట్టం లేచిపోగానే పైమట్టి జారి ఆ నోరు ఇంకా పెద్దదవుతుంది. చిన్నపిల్లలు పట్టే ప్రమాదకరమైన గుంత ఈ విధంగా ఏర్పడుతుంది.

ఇటువంటి మరణాలను గమనించి సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న మార్గసూత్రాలను నిర్దేశించింది. అవి చాలావరకు చక్కనివి. బోరు వేసేటప్పుడు చుట్టూ ముళ్ళకంచె గాని, తగిన మరొక అడ్డు గాని ఉండవలెను. గొట్టం చుట్టూ 0.50 మీటరు పొడవు, 0.50 మీటరు వెడల్పు గల సిమెంటు దిమ్మె కట్టవలెను. అది నేలకు పైన 0.30 మీటరు, లోపల 0.30 మీటరు ఉండవలెను. గొట్టపు నోటికి ఉక్కు పలక వెల్డింగు చేయవలెను, లేదా బోల్టులతో గట్టి మూత బిగించవలెను. విడిచిన బోరును బంకమన్ను, ఇసుక, రాళ్ళు మొదలైనవాటితో అడుగునుండి నేలమట్టం వరకు పూడ్చవలెను.

అయినప్పటికీ 2019 అక్టోబరులో తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లా నడుకాట్టుపట్టిలో రెండేళ్ళ బాలుడు బోరులో పడి మరణించాడు. రోజుల తరబడి చేసిన ప్రయత్నం ఫలించలేదు. 2020 మే నెలలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో అప్పుడే వేసిన, నీరు పడని బోరు మూడేళ్ళ పిల్లవానిని బలిగొన్నది. నియమాలను అమలు జరపకపోవడమే కారణమని మనం సాధారణంగా అంటాము. అది నిజమే. కాని నియమాలలోనే ఒక లోపం ఉన్నది. దానిని చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బోరు సరిగా పూడినదని ధ్రువపత్రం తీసుకోవలెనని మార్గసూత్రాలు చెబుతున్నవి. ఆ పత్రం ఎవరివ్వాలి? భూగర్భ జలశాఖ, ప్రజారోగ్య శాఖ, పురపాలక సంఘం, ప్రైవేటు కాంట్రాక్టరు మొదలైనవారు ఇవ్వవచ్చును. ఇక్కడే చిక్కు ఉన్నది. తొలిచినవాడూ, పూడ్చినవాడూ, పూడినదని సంతకం చేసినవాడూ ఒక్కడే కావడానికి ఇది దారి విడుస్తున్నది. విద్యార్థి తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకుంటే మార్కులకు విలువ ఉండదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. పల్లెలలో సర్పంచి, వ్యవసాయ శాఖాధికారి పర్యవేక్షించవలెనని కూడా ఉన్నది. వారు పైకి చూసి చెప్పగలరు. లోపలి సంగతి కొలతలు లేనిదే చెప్పలేరు. దిమ్మెకు కొలతలు ఇచ్చిన మార్గసూత్రాలు పూడికను ఎట్లా కొలవవలెనో చెప్పలేదు.

ఒక చిన్న లెక్క చూద్దాము. 165 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మీటర్ల లోతు గల బోరును తీసుకుందాము. దాని ఘనపరిమాణం సుమారు 6.4 ఘన మీటర్లు. అనగా కొద్ది ట్రాక్టరు లోడ్లతో పని పూర్తవుతుంది. మూడు ఘన మీటర్లకే బోరు నోటివరకు నిండినదంటే సంతోషించరాదు. పెద్ద రాళ్ళు ఇరుకు గుంతలో అడ్డంగా ఇరుక్కుని కమానువలె నిలిచి ఉండవచ్చును. కింద సగం ఖాళీయే. వానకు ఆ కమాను కూలితే నోరు మళ్ళీ తెరుచుకుంటుంది. కమాను లేకపోయినా వదులు మన్ను దిగుతుంది. 300 మీటర్ల పూడిక నూటికి ఒక్క వంతు దిగినా పైన 3 మీటర్ల గుంత ఏర్పడుతుంది! కనుక పూడ్చిన నాటి పత్రం ఒక్కటే చాలదు.

ఆస్ట్రేలియాలో ఇళ్ళలోని ఈతకొలనుల విషయంలో ఇటువంటి సమస్యనే ఎదుర్కొన్నారు. అక్కడ కొలను చుట్టూ కంచె సాధారణంగా 1200 మిల్లీమీటర్లకు తక్కువ ఉండరాదు. తలుపు తనంతట తానే మూసుకొని గడియ పడవలెను. క్వీన్స్‌లాండు రాష్ట్రంలో ఇందుకు ధ్రువపత్రం ఇచ్చేది లైసెన్సు పొందిన పరీక్షకుడే. ఒక్క ఇంటికే చెందిన కొలను అయితే ఆ పత్రం 2 సంవత్సరాలే చెల్లుతుంది. కంచె నేడు సరిగా ఉంటే ఎల్లప్పుడూ సరిగా ఉంటుందని వారు అనుకోలేదు. మన బోరు పూడికకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కాబట్టి పత్రమిచ్చే వ్యక్తిని మూడు విషయాలు అడగవలెను. మొదటిది, బోరు వేసిన వానితో అతనికి లాభసంబంధం ఉన్నదా? ఉంటే అతడు పనికిరాడు. భూగర్భ జలశాఖ వారి వంటి వేరొకరు రావలెను. రెండవది, పూడ్చకముందు తాడుకు బరువు కట్టి లోతు కొలిచాడా? ఎన్ని ఘన మీటర్ల పూడిక పోసినదీ చూశాడా? ఆ రెండు అంకెలూ పత్రంలో ఉన్నవా? మూడవది, ఈశాన్య ఋతుపవనాల వానలు వెలిసిన తరువాత మళ్ళీ వచ్చి చూస్తాడా? అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురిసే ఆ వానలే మన పూడికలకు అసలు పరీక్ష.

ఒక అభ్యంతరం రావచ్చును. అధికారి వచ్చేవరకు బోరు తెరిచి ఉంచవలెనా? ఎంతమాత్రం కాదు. పొడ్చన్‌పల్లి చెప్పే పాఠం అదే. గొట్టం పెరికిన గడియనుండే ప్రమాదం మొదలవుతుంది. కనుక గొట్టాన్ని పెరకకుండా గట్టి మూత బిగించి, పూడిక మొదలైనప్పుడే తీయవలెను. రిగ్గు బండి ఊరు విడిచేముందే ఈ పని జరగవలెను. బావులను, రిగ్గులను రిజిస్టరు చేయించవలెనని మన రాష్ట్రపు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఎలాగూ చెబుతున్నది. బోరు మూసిన సంగతిని కూడా ఆ రిజిస్టరులోనే చేర్చడం కష్టం కాదు.

ఉపాధ్యాయులు పై లెక్కను తొమ్మిదవ, పదవ తరగతులలో స్తూపపు ఘనపరిమాణం చెప్పేటప్పుడు చేయించవచ్చును. అయితే ఏ బోరు దగ్గరకూ విద్యార్థులను పంపరాదు. వారు తమ ఊరిలో తెరిచి ఉన్న బోర్ల సంగతి పెద్దలనడిగి తెలుసుకుని చెబితే, ఆ జాబితాను ఉపాధ్యాయులు పంచాయతీకి, కలెక్టరుకు వ్రాయవచ్చును. ఈ విషయంలో తనిఖీ చేసే బాధ్యత కలెక్టరుదని మార్గసూత్రాలే చెబుతున్నవి. సంతకం వెనుక కొలత ఉన్నదా అని అడగడం నేర్చిన విద్యార్థి రేపు రైతయినా, ఇంజనీరయినా, సర్పంచి అయినా కొలవని బోరుకు సంతకం చేయడు.